లోపలి గొంతులు, ఇంట్లో మాటలు

స్కిజోఫ్రీనియాతో బతుకుతున్న ఇరవై మందిని చెన్నైలో ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, మీకు వినిపించే గొంతులు ఏమంటాయని అడిగారు. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త టాన్యా లూర్మన్, చెన్నై స్కార్ఫ్ సంస్థ మనోవైద్యురాలు ఆర్. పద్మావతి, మరికొందరు కలిసి చేసిన పరిశోధన అది. కాలిఫోర్నియాలోని శాన్ మటేయోలో ఇరవై మందిని, ఘనా రాజధాని అక్రాలో ఇరవై మందిని కూడా ఇదే ప్రశ్న అడిగారు. అమెరికన్లలో చాలామందికి వినిపించేవి ముక్కూ మొహం తెలియని వాళ్ల గొంతులు. కొట్టమని, నరకమని, యుద్ధం చేయమని ఆజ్ఞాపించేవి. అక్రాలో ఎక్కువమంది దేవుడి మాట వింటున్నామన్నారు. చెన్నైలో మాత్రం సగానికి పైగా మందికి వినిపించినవి అయినవాళ్ల గొంతులు. అవి తిడతాయి, బుద్ధి చెబుతాయి, ఇంటి పనులు పురమాయిస్తాయి. 2015లో ఈ ఫలితాలు బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చాయి.

జబ్బు మూడు చోట్లా ఒకటే. మెదడులో తప్పుతున్న పని ఒకటే. కానీ ఆ మెదడు పలికే మాటలు ఏ ఇంట్లో పెరిగితే ఆ ఇంటివి. స్కిజోఫ్రీనియా గురించి మన కుటుంబాలకు అందే సమాచారంలో ఈ రెండో సగం దాదాపుగా ఉండదు. మందుల చీటీ చేతికొస్తుంది, మళ్లీ ఎప్పుడు రావాలో చెబుతారు. ఆ మనిషితో ఇంట్లో ఎలా మాట్లాడాలో ఎవరూ చెప్పరు. మాట్లాడే తీరు ఈ జబ్బు నడకను మారుస్తుందని అరవై ఏళ్ల కిందటే కొలిచి చూపించారు. అందుకే ఈ వ్యాసం మెదడు గురించి ఎంతో, ఇంటి గురించీ అంతే.

ముందుగా ఒక అపోహ. స్కిజోఫ్రీనియా అనగానే మనలో చాలామందికి 2005 నాటి ‘అపరిచితుడు’ సినిమా గుర్తొస్తుంది. ఒకే ఒంట్లో ముగ్గురు మనుషులు ఉండటం వేరే సమస్య, అదీ చాలా అరుదు. స్కిజోఫ్రీనియాలో మనిషి ఒక్కరే. ఆ ఒక్క మనిషికీ చుట్టూ ఉన్న ప్రపంచం అర్థం మారిపోతుంది. వాళ్లు కత్తి పట్టుకుని తిరుగుతారన్నది రెండో అపోహ. అత్యధికులు ఎవరికీ హాని చెయ్యరు, పైగా ఇతరుల చేతిలో దెబ్బలు తినేవాళ్లే ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నాటి లెక్కల్లో ఈ జబ్బుతో ఉన్నవాళ్లు సుమారు 2.4 కోట్ల మంది, అంటే ప్రతి 300 మందిలో ఒకరు. మన దగ్గర ఒక మోస్తరు పల్లెకు ఐదారుగురు ఉంటారన్నమాట. కనిపించరు, ఎందుకంటే వెనక గదిలో ఉంటారు.

ఈ జబ్బు వచ్చే వయసే కుటుంబాలను కుంగదీస్తుంది. మగపిల్లల్లో పదిహేడు, పద్దెనిమిది నుంచి పాతికేళ్ల మధ్య, ఆడపిల్లల్లో ఇంకొన్నేళ్లు ఆలస్యంగా ఎక్కువగా మొదలవుతుంది. కొందరు స్త్రీలలో నలభై దాటాక కూడా రావచ్చు. అంటే ఇంటర్మీడియట్, ఇంజినీరింగ్, మొదటి ఉద్యోగం, పెళ్లి సంబంధాల కాలం. ఒక రోజు హఠాత్తుగా గొంతులు వినిపించడంతో అంతా మొదలైనట్టు ఇంట్లోవాళ్లు చెబుతారు గానీ, నింపాదిగా అడిగితే అంతకు ముందు కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్లు బయటపడతాయి. స్నేహితులతో మాటలు తగ్గాయి. బాగా చదివేవాడికి సబ్జెక్టులు మిగిలిపోయాయి. పగలు నిద్ర, రాత్రి మెలకువ. స్నానం చేయమంటే విసుగు. దాన్ని ప్రేమ వ్యవహారమనో, ఫోన్ పిచ్చి అనో, పొగరనో అనుకుంటాం. హాస్టల్లో ఉంటే ఆ మాత్రం గమనించేవాళ్లు కూడా ఉండరు. పరాయి దేశంలో ఉన్న పిల్లలైతే వారానికోసారి వచ్చే ఫోన్‌లో గొంతు పొడిబారడం తప్ప తల్లికి ఏమీ అందదు. వలస వెళ్లినవాళ్లలోనూ, అక్కడ పుట్టిన వాళ్ల పిల్లల్లోనూ ఈ జబ్బు ఎక్కువగా కనబడుతోందని బ్రిటన్, నెదర్లాండ్స్ పరిశోధనలు చాలాసార్లు చూపించాయి.

తర్వాత అనుమానాలు. టీవీలో వార్తలు చదివే ఆమె తన గురించే చెబుతోంది. పక్కింటాయన దగ్గు ఎవరికో సైగ. ఫోన్‌లో ఎవరో తన ఆలోచనలు చదువుతున్నారు. ఆ పైన గొంతులు. ఇవి బయటికి కనిపించే లక్షణాలు కాబట్టి అందరూ వీటికే భయపడతారు, మందులు కూడా వీటి మీదే బాగా పనిచేస్తాయి. అసలు కష్టం వాటి వెనక మిగిలిపోయేది. ఉత్సాహం, ముఖంలో భావం, మాటలోని ధార, ఏదైనా మొదలుపెట్టే చొరవ ఇంకిపోతాయి. ఒక పేరా చదివి గుర్తుపెట్టుకోవడం, కొట్లో నాలుగు వస్తువులు తీసుకుని లెక్క చూసుకోవడం కష్టమవుతుంది. గొంతులు ఆగాక కూడా వాడు మంచం దిగకపోతే, ఇంట్లో దానికి పెట్టే పేరు బద్ధకం. విరిగిన కాలితో నడవలేని మనిషిని మనం బద్ధకస్తుడు అనం. ఇక్కడ విరిగింది కనిపించదు, అంతే తేడా.

ఆ గొంతులు ఎక్కడివి? మనందరం లోపల మాట్లాడుకుంటాం. అలా మాట్లాడుకునేటప్పుడు, కదిలేటప్పుడు, మెదడు తన ఇంద్రియ భాగాలకు ముందుగా కబురు పంపుతుంది: ఇది నా పనే, పట్టించుకోకు అని. మనకు మనం చక్కిలిగిలి పెట్టుకోలేకపోవడం దీనివల్లే. లండన్‌లో సారా జేన్ బ్లేక్‌మోర్, క్రిస్ ఫ్రిత్ ఈ చక్కిలిగిలినే పరీక్షగా పెట్టారు. గొంతులు వినే రోగులకు తమ చేతి స్పర్శ, ఇతరుల చేతి స్పర్శ ఇంచుమించు ఒకేలా అనిపించాయని 2000లో తేలింది. ఆ ముందస్తు కబురు సరిగా అందడం లేదన్నమాట. లోపలి మాటకు ‘నాది’ అనే ముద్ర పడకపోతే అది పరాయి గొంతులా వినిపిస్తుంది. గొంతులు వినిపిస్తున్న క్షణాల్లో స్కాన్ తీస్తే, మాటను తయారుచేసే బ్రోకా ప్రాంతం చురుగ్గా ఉన్నట్టు 1993లోనే చూశారు. అందుకే “అక్కడ ఎవరూ లేరు, నీ భ్రమ” అని ఎంత గట్టిగా చెప్పినా వాళ్లకు ఎక్కదు. వాళ్లు నిజంగానే వింటున్నారు.

ఇక ఈ జబ్బుతో ముడిపడిన డోపమిన్ అనే మెదడు రసాయనం కథలో మన మొక్క ఒకటి ఉంది. సర్పగంధి వేరును మతిచలించిన వాళ్లకు ఇవ్వడం ఈ నేలలో పాత వైద్యం. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దాన్ని ఉన్మాదానికీ, రక్తపోటుకూ పనికొచ్చే మందుగా ఒక భారతీయ వైద్య పత్రికలో ప్రకటించారు. దాని నుంచి 1952లో స్విట్జర్లాండ్ పరిశోధకులు రిసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేశారు. అదే ఏడాది పారిస్‌లోని సెంట్ ఆన్ ఆసుపత్రిలో జాన్ డిలే, పియర్ డెనికర్ క్లోర్‌ప్రోమజైన్ అనే మందును రోగులకిచ్చి, ఏళ్ల తరబడి అరుస్తూ ఉన్నవాళ్లు కుదుటపడటం చూశారు. రిసర్పిన్ ఇచ్చిన కుందేళ్లు కదలకుండా పడి ఉంటే, డోపమిన్ ముడిసరుకైన ఎల్-డోపా ఎక్కించి వాటిని లేపినవాడు స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్. డోపమిన్ మెదడులో కబుర్లు మోసే రసాయనమని అప్పుడు తెలిసింది. ఈ మందులు దాన్ని అడ్డుకుంటున్నాయని 1963లో మొదట సూచించిందీ ఆయన బృందమే. ఆయనకు 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. సర్పగంధి మందు ఇప్పుడు ఈ జబ్బుకు వాడరు, దాన్ని మించినవి వచ్చాయి. కానీ ఆ వేరు లేకుంటే కుందేళ్ల పరీక్షే లేదు.

డోపమిన్ ఎక్కువైతే అనుమానాలెందుకు వస్తాయన్నదానికి నాకు బాగా నచ్చిన వివరణ షితిజ్ కపూర్ 2003లో రాసింది. ఏది ముఖ్యం, ఏది పట్టించుకోనక్కర్లేదు అని గుర్తు పెట్టడం డోపమిన్ పనుల్లో ఒకటి. అది అదుపు తప్పితే అన్నిటికీ ముఖ్యమనే గుర్తు పడుతుంది. దగ్గు, కారు నంబరు, పేపర్లో హెడ్డింగు, అన్నీ తనకోసమే ఉన్నట్టుంటుంది. మనిషి మనసు అర్థం లేకుండా ఉండలేదు కాబట్టి వీటన్నిటినీ కలిపి ఒక కథ అల్లుకుంటుంది. ఆ కథే అనుమానం. మందు ఆ కథను చెరిపెయ్యదు, కొత్త గుర్తులు పడకుండా ఆపుతుంది. అందుకే కోలుకుంటున్నవాళ్లు “అది అబద్ధం” అనరు, “ఇప్పుడు దాని గురించి అంత ఆలోచించట్లేదు” అంటారు. మందు మొదలుపెట్టిన వారానికే నమ్మకం పోలేదని కంగారుపడే కుటుంబాలు ఈ సంగతి తెలుసుకోవాలి.

ఆ వయసులోనే ఎందుకు? మల్లెపొదకు చలికాలంలో కొమ్మలు కత్తిరిస్తే వేసవికి పూలు విరగబూస్తాయి. మెదడు కూడా కౌమారంలో నరకణాల మధ్య అవసరం లేని కలయికలను తీసేసి, మిగిలినవాటిని బలపరుచుకుంటుంది. ఆ కత్తిరింపు మితిమీరితే స్కిజోఫ్రీనియా వస్తుందేమోనని 1982లో ఇర్విన్ ఫైన్‌బర్గ్ ఊహించాడు. 2016లో అమెరికాలో స్టీవెన్ మెక్‌కారల్ బృందం సీ4 అనే జన్యువు దగ్గర దీనికి ఆధారం పట్టుకుంది. అది ఎక్కువ చురుగ్గా ఉండే రకాలు ఉన్నవాళ్లకు జబ్బు ముప్పు కొంచెం ఎక్కువ. ఎలుకల్లో అదే జన్యువు ఈ కత్తిరింపులో పాల్గొంటుంది. అలాగని జన్యువు ఒకటే లేదు. దాదాపు 77 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించిన 2022 అధ్యయనం 287 చోట్లను గుర్తించింది. ఒక్కొక్కదాని ప్రభావం రవ్వంత. ఒకే పోలికగా పుట్టిన కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి వచ్చే అవకాశం సగానికి మించదు. తల్లికో తండ్రికో ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం పదోవంతు, అంటే పదిమందిలో తొమ్మిది మందికి రాదు. మిగతా భారం పుట్టుక సమయంలో ఇబ్బందులు, తల్లి కడుపుతో ఉన్నప్పటి కరువు, నగర జీవితం, చిన్ననాటి హింస, గంజాయి పంచుకుంటాయి. గంజాయి విషయం మన ఊళ్లలో గట్టిగా చెప్పాల్సి ఉంది. చిన్న వయసులో, రోజూ, ఘాటైన సరుకు తాగేవాళ్లకు ముప్పు స్పష్టంగా పెరుగుతుంది.

ఈ జాబితాలో పెంపకం లేదు. ఒకప్పుడు ఉండేది. 1948లో ఫ్రీడా ఫ్రామ్ రైక్‌మన్ అనే మనోవైద్యురాలు తల్లి తీరే ఈ జబ్బు తెస్తుందన్న అర్థం వచ్చే మాట వాడింది. రెండు మూడు దశాబ్దాల పాటు ఎందరో తల్లులు ఆ నింద మోశారు. అది తప్పని తేలిపోయింది. మన దగ్గర ఆ నింద వేరే రూపంలో బతికే ఉంది: గారాబం చేసి చెడగొట్టావని, ఉద్యోగానికి పోయి వాణ్ణి పట్టించుకోలేదని.

జబ్బు రావడం వేరు, వచ్చాక దాని నడక వేరు. ఈ రెండో దాని మీద ఇంటికి పట్టు ఉంది. లండన్‌లో 1950లలో జార్జ్ బ్రౌన్ అనే సామాజికశాస్త్రవేత్త ఆసుపత్రుల నుంచి ఇంటికి పంపినవాళ్లను గమనిస్తూ వచ్చాడు. తల్లిదండ్రుల దగ్గరికో, భార్య దగ్గరికో వెళ్లినవాళ్లు, అద్దె గదుల్లో ఉన్నవాళ్ల కంటే ఎక్కువసార్లు ఆసుపత్రికి తిరిగొచ్చారు. ఎందుకని తవ్వితే తేడా ఇక్కడ కనిపించింది: ఇంట్లోవాళ్లు రోగి గురించి మాట్లాడేటప్పుడు ఎన్నిసార్లు తప్పు పడుతున్నారు, ఎంత కసి వినిపిస్తోంది, ఎంత అతిగా కాపలా కాస్తున్నారు. వీటిని ఇంటర్వ్యూల్లో లెక్కపెట్టారు. 1976లో క్రిస్టీన్ వాన్, జూలియన్ లెఫ్ ప్రకటించిన ఫలితాల్లో, ఇవి ఎక్కువగా ఉన్న ఇళ్లకు వెళ్లినవాళ్లలో సుమారు సగం మందికి తొమ్మిది నెలల్లో జబ్బు తిరగబెట్టింది. తక్కువగా ఉన్న ఇళ్లలో ఏడెనిమిది మందిలో ఒకరికి మాత్రమే. తర్వాత చండీగఢ్‌లో కొలిస్తే మన కుటుంబాల్లో ఈ తీవ్రత లండన్ కంటే బాగా తక్కువగా కనిపించింది.

ఆ మాటలు మన ఇళ్లలో ఎలా ఉంటాయో మనకు తెలుసు. “నీతో చదివినవాళ్లంతా అమెరికాలో సెటిలయ్యారు.” “తిని పడుకోవడం తప్ప నీకేం చేతనవును?” “నీవల్ల చెల్లి పెళ్లి ఆగింది.” ఇవి ప్రేమ లేక అనే మాటలు కావు, భయంలోంచి, అలసటలోంచి వస్తాయి. అతి కాపలా కూడా అంతే: తలుపు దగ్గరే పడుకోవడం, స్నానం చేయించడం, ముద్దలు కలిపి పెట్టడం. వాటి స్థానంలో ఏం చెయ్యాలో కుటుంబాలకు నేర్పితే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని ఎన్నో దేశాల్లో రుజువైంది. ఒకసారికి ఒక్క మాట, చిన్న వాక్యం. “గది శుభ్రం చేసుకో” కంటే “నాన్నా, ఈ దుప్పటి మడత పెడదాం రా” సులువు. అనుమానంతో వాదించొద్దు, అవునని తలూపొద్దు: “నీకు వినిపిస్తోందని నమ్ముతున్నా. నాకైతే వినిపించట్లేదు. భయంగా ఉందా?” చేసిన చిన్న పనిని గుర్తించి చెప్పడం. రోజులో కొన్ని గంటలు ఇద్దరూ వేర్వేరుగా గడపడం కూడా చికిత్సలో భాగమే, తల్లికి అది అవసరం.

మాట మందుకు బదులు కాదు. తొలిసారి కోలుకున్నవాళ్లను ఐదేళ్లు గమనించిన 1999 నాటి అమెరికా అధ్యయనంలో ఐదుగురిలో నలుగురికి జబ్బు తిరగబెట్టింది. మందు మానేసినవాళ్లకు ఆ ముప్పు ఐదు రెట్లు. మానేయడానికి కారణాలు మొండితనం కాదు. చాలామందికి తమకు జబ్బుందన్న ఎరుకే ఉండదు, అదీ జబ్బులో భాగమే. మిగిలినవాళ్లను మందుల ఇబ్బందులు తరిమేస్తాయి: మెడ పట్టేయడం, కాళ్లు ఒకచోట నిలవకపోవడం, రోజంతా మత్తు, ఆరు నెలల్లో పది కిలోల బరువు, చక్కెర జబ్బు, దాంపత్యంలో ఇబ్బంది. వీటిలో చాలావాటికి మోతాదు మార్చో, మందు మార్చో దారి చూపించవచ్చు, ముందు డాక్టర్‌తో చెప్పాలి. రోజూ మాత్ర గొడవ ఉన్నచోట నెలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. రెండు మందులు సరిగా వాడినా లొంగని జబ్బుకు క్లోజపిన్ ఉంది. తెల్ల రక్తకణాలు పడిపోతాయేమోనని మొదట్లో వారం వారం రక్తపరీక్ష చేయించాలి గనుక దాన్ని ఆలస్యంగా మొదలుపెడుతుంటారు. ఆ ఆలస్యం మనుషుల ఏళ్లను తినేస్తోంది. డోపమిన్ జోలికి నేరుగా వెళ్లకుండా వేరే దారిలో పనిచేసే మొదటి మందుకు 2024 సెప్టెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. ఏడు దశాబ్దాల్లో ఇది తొలి కొత్త దారి. ఇంకొక మాట: తెలియకుండా పాలల్లో, పప్పులో మాత్ర కలపడం మన ఇళ్లలో మామూలు. నన్ను విషం పెట్టి చంపుతున్నారని భయపడే మనిషికి ఒకరోజు ఆ సంగతి తెలిస్తే, ఇక ఆ ఇంట్లో అన్నం ముట్టుకోడు. తల్లుల నిస్సహాయత అర్థమవుతుంది, అయినా ఆ పని వద్దనే చెబుతాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1960ల చివర్లో తొమ్మిది దేశాల్లో ఈ జబ్బును పోల్చి చూసింది, మన ఆగ్రా అందులో ఒకటి. ధనిక దేశాల కంటే భారత్, నైజీరియాల్లో ఎక్కువమంది బాగా కోలుకున్నారు. ఉమ్మడి కుటుంబం, పొలంలో ఏదో ఒక పని, ఊరి ఓపిక కారణాలన్నారు. ఆ తేలికైన ముగింపును తర్వాత చాలామంది ప్రశ్నించారు, నేనూ పూర్తిగా నమ్మను. ఎందుకంటే ఇదే దేశంలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, దర్గా దగ్గరి ఆశ్రమంలో గొలుసులతో కట్టేసి ఉన్న రోగులు మంటల్లో చిక్కుకున్నారు. 28 మంది చనిపోయారు. తీవ్రమైన మానసిక జబ్బులున్న నలుగురిలో దాదాపు ముగ్గురికి ఇప్పటికీ చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ సర్వే చెబుతోంది. గాలి సోకిందని, చేతబడి జరిగిందని మొదట భూతవైద్యుడి దగ్గరికే వెళతారు. తాయెత్తు కట్టించుకోవడంతో గొడవ లేదు, మాత్ర ఆలస్యం కావడంతోనే గొడవ. చికిత్స లేకుండా గడిచిన కాలం ఎంత పెరిగితే కోలుకోవడం అంత కష్టం. గోవా, సతారా, తమిళనాడుల్లో పల్లెలకు వెళ్లే సామాన్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇళ్లకు పంపిస్తే, ఆసుపత్రి చికిత్స ఒక్కటే అందినవాళ్ల కంటే ఇబ్బందులు కొంత తగ్గాయని 2014లో లాన్సెట్ వైద్య పత్రికలో ఫలితం వచ్చింది. మన ఆశా కార్యకర్తలతో ఇది సాధ్యమే.

పెళ్లి చేస్తే కుదురుకుంటాడన్న సలహా ఇంకా ఇస్తూనే ఉన్నారు. కుదురుకోడు. దాచి చేసిన పెళ్లిలో కోడలు మోసపోతుంది, మందులు దాక్కుని మింగలేక మానేసిన మనిషి మళ్లీ పడిపోతాడు. చెప్పి చేసుకుంటే కథ వేరు. హిందూ వివాహ చట్టం విడాకుల కారణాల్లో మానసిక జబ్బును పేర్కొంది గానీ, ఒక తెలుగు దంపతుల కేసులో 2013లో సుప్రీంకోర్టు, స్కిజోఫ్రీనియా ఉన్నంత మాత్రాన విడాకులు ఇవ్వలేమంది. కలిసి బతకడం అసాధ్యమయ్యేంత తీవ్రంగా ఉందని రుజువు కావాలంది. పైగా జబ్బు అందరిలో అలాగే ఉండిపోదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం ముగ్గురిలో కనీసం ఒకరు పూర్తిగా కోలుకోగలరు.

2017 మానసిక ఆరోగ్య రక్షణ చట్టం గొలుసులు కట్టడాన్ని నిషేధించింది, మత్తు ఇవ్వకుండా కరెంటు చికిత్స చేయడాన్నీ నిషేధించింది. మిగతా జబ్బుల్లాగే దీనికీ బీమా ఇవ్వాలంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద దీనికి సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఏమీ తోచనప్పుడు ప్రభుత్వ సహాయవాణి టెలి మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరును తిట్టుగా వాడే అలవాటు మనం మానుకుంటే, ఆ గేటు దాటడానికి ఇళ్లకు పట్టే ఏళ్లు తగ్గుతాయి.

చివరికి తల్లిదండ్రులందరూ అడిగే ప్రశ్న ఒకటే: మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు? ఎప్పటికీ వాయిదా పడే ప్రశ్న కూడా అదే. అన్నకో, చెల్లెలికో అంతా అప్పజెప్పేద్దామని మనసులో అనుకుంటారు, వాళ్లతో మాత్రం మాట్లాడరు. వాళ్లను ఇప్పుడే డాక్టర్ గది దాకా తీసుకెళ్లాలి. అన్నం వండుకోవడం, బస్సెక్కడం, ఏటీఎంలో డబ్బు తీయడం, మాత్రల పట్టీ తనే చూసుకోవడం తల్లి ఓపికగా ఉండగానే నేర్పాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలైతే, సంపాదించుకోలేని స్థితిలో ఉన్నవాళ్లకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది, దానికి కాగితాలు తండ్రి ఉండగానే సిద్ధం చేయాలి. తరఫున మాట్లాడే మనిషిని రోగి తానే ఎంచుకుని సాదా కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వొచ్చు, అది 2017 చట్టం ఇచ్చిన హక్కు. బాగున్న రోజుల్లో ముందస్తు ఆదేశం కూడా రాసుకోవచ్చు. ఏ మందు తనకు పడలేదో, ఎక్కడ చికిత్స కావాలో, ఏది వద్దో అందులో ఉంటుంది. మనసు మారితే తిరగరాయొచ్చు. అత్యవసర చికిత్సకు తప్ప, మిగతా అన్ని వేళలా డాక్టరు దాని ప్రకారమే నడవాలి. కాదనాలంటే మానసిక ఆరోగ్య రివ్యూ బోర్డుకు దరఖాస్తు పెట్టి ఒప్పించాలి.